అనసూర్య అడిగిన దీవి

మే నెల, ఆదివారం మధ్యాహ్నం. గోదావరిఖనిలో ఆ వేళకు రోడ్డు మీద మనిషి ఉండడు, మనిషి నీడా ఉండదు. కంపెనీ క్వార్టర్ ముందు గదిలో కూలర్ తడి గడ్డి వాసనను గోడలకు చల్లుతోంది. ఆ గదిలోకి ధరణి ఒక సముద్రాన్ని తెచ్చింది. చిన్నది, అరచేతిలో పట్టేంత. వేలితో తోస్తే అది పోయి ఇంకో సముద్రం వచ్చేది.

"గిది జూడు బాపు. రూం ముంగటనే ఇసుక. ఇసుక దాటంగనే నీళ్లు. మనుషులే ఉండరట."

నర్సింగం ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి, కళ్లద్దాల కింది నుంచి చూశాడు.

"గిది గాదు."

"మల్ల దీనికేమైంది?"

"రేగు చెట్టు లేదు."

"అండమాన్ల రేగు చెట్టు ఎందుకుంటది బాపు? కొబ్బరి చెట్లుంటయి."

"పోనీ, మేకలన్న ఉన్నయా?"

ధరణి పడీ పడీ నవ్వింది. ఆమె జ్యోతినగర్‌లో ఒక బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. వారానికోసారి వచ్చి తల్లిదండ్రుల మొండితనాన్ని కూడా పిల్లల మొండితనం లాగే ఓర్చుకుంటుంది. "అండమాన్ పోయి మేకలు గాస్తవా? అమ్మా, నీ మొగనికి టికెట్ వద్దు గని, ఒక కట్టె కొనియ్యి."

మూలన కుట్టు మిషన్ దగ్గర అనసూర్య నవ్వలేదు. ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. విమానం వద్దన్నప్పుడు ఆమె నవ్వింది. "బొగ్గు బాయిల కిందికి పోవుడే నేర్చుకున్న, మీదికి పోవుడు నాకు రాదు" అన్నాడు నర్సింగం. సరే, మదరాసు దాకా రైలు, అక్కడ్నుంచి ఓడ, ఓడ దిగాక చిన్న దీవికి చిన్న పడవ అని ధరణి దారి వేసింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ రేగు చెట్టు, ఈ మేకలు తన భర్త మాటలు కావు. అవి ఎవరివో ఆమెకు తెలుసు.

"సరే తియ్యి. ఎంతమందని కొట్టాలె? మీరిద్దరే గదా?"

"ముగ్గురం," అన్నాడు నర్సింగం.

"నేను రాను బాపు. అప్పటికి బడి తెరుస్తరు. నాకు సెలవెవరిస్తరు?"

ఆయన తన ఎడమ పక్కకు చూశాడు. అనసూర్య మిషన్ చక్రాన్ని చేత్తో ఆపింది. సూది బట్టలో దిగినచోటే నిలిచిపోయింది. ధరణి తలెత్తి తల్లిని చూసింది, తండ్రిని చూసింది, ఫోన్‌ను బోర్లా పెట్టింది.

"మల్ల గదేనా?" అంది మెల్లగా.

అనసూర్యది గోదావరి అవతలి ఒడ్డు. జైపూర్ మండలంలో పత్తి, మిర్చి పండే ఊరు. పెళ్లయి ఈ ఒడ్డుకు వచ్చిన కొత్తలో ఆమెకు అందరికంటే ముందు పరిచయమైంది సైరన్. షిఫ్టు ఎక్కితే సైరన్, షిఫ్టు దిగితే సైరన్. దాని మోతకు ఎసరు పెట్టడం, దాని మోతకు నీళ్లు కాగబెట్టడం నేర్చుకుంది. అది వేళ కాని వేళ మోగితే కాలనీ ఆడవాళ్లంతా చేతిలో ఉన్నది చేతిలోనే పట్టుకొని గుమ్మాల్లోకి వచ్చి నిలబడతారని, అప్పుడు ఎవరూ ఎవరి ముఖమూ చూడరని కూడా నేర్చుకుంది. భర్త బట్టలు ఉతికిన నీళ్లు నల్లగా కాలువలోకి జారేవి. భూమి లోపలి చీకటిని రోజుకింత పిండి పారబోస్తున్నట్టు ఉండేది ఆమెకు. పారబోసినా అది తరగలేదు.

వేములవాడ చూసింది, మేడారం చూసింది, కాళేశ్వరం చూసింది. అన్నీ మొక్కులే. ఏమీ మొక్కకుండా ఒక చోటికి పోవడం ఎట్లా ఉంటుందో తెలియదు. నర్సింగం వచ్చే చలికాలం ఉద్యోగం దిగిపోతాడు. ఆ లోపు మొగుడూ పెళ్లాలు కంపెనీ సెలవు మీద ఎక్కడికైనా పోయి రావడానికి ఆఖరి అవకాశం ఇదే. పక్క లైన్లో ఉండే క్లర్కు భార్య పోయిన ఏడు అండమాన్ పోయి వచ్చి ఒక మాట చెప్పింది. "గంత చిన్న దీవి. పొద్దంత కూసున్నా ఏం ఇనబడది. మనల్ని పిలిచేటోడే ఉండడు." నీళ్ల రంగు, చేపల పులుసు, పడవ కుదుపు, మిగతావన్నీ అనసూర్య చెవిలోంచి జారిపోయాయి. ఆ ఒక్కటి మిగిలింది. పిలిచేవాడు ఉండని చోటు.

ఎందుకంటే ఆమె ఇంట్లో ఒకడు పిలుస్తూనే ఉంటాడు.

అతని పేరు రఘుపతి. గనిలో నర్సింగానికి జోడీ. పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని ఎప్పుడూ ఇద్దరిదే. ఒకడు కర్రతో కప్పును తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే పని, బోలుగా మోగితే పరుగు. రెండోవాడు దుంగను ఎత్తి పట్టుకుంటాడు. టోపీ దీపానికి ముందు మాత్రమే కనబడుతుంది, పక్కన ఏముందో తెలియదు. అందుకని వాళ్లకు ఒక అలవాటు ఉండేది. కొంతసేపు చప్పుడు లేకపోతే ఒకడు అడుగుతాడు, "ఉన్నవా బావా?" రెండోవాడు చేతిలో ఏ పని ఉన్నా సరే పలుకుతాడు, "ఉన్న." ఆ ఒక్క మాటను తాడులా పట్టుకొని ఇద్దరూ ఏళ్ల తరబడి చీకట్లో నడిచారు.

నిజానికి వాళ్లకు చుట్టరికం లేదు. పిలుపులే చుట్టరికం అల్లాయి. రఘుపతి బావ అయ్యాడు కాబట్టి అతని భార్య యమున నర్సింగానికి చెల్లె, అనసూర్యకు వదినె. అతని తల్లి ఐలవ్వ నర్సింగానికి అత్త.

తిండి వేళ దీపాలు ఆర్పి కూర్చున్నప్పుడు రఘుపతి దీవి కట్టేవాడు. ఎక్కడో సిమెంటు కంపెనీ క్యాలెండర్ మీద చూశాడట. "దానికి పైకప్పు లేదు బావా. ఎటు జూసినా మీద ఏం లేదు." అట్లా మొదలైంది. తర్వాత రోజుకొకటి తెచ్చి ఆ చీకట్లో పెట్టేవాడు. ఒక రోజు గుడిసె. ఒక రోజు రేగు చెట్టు. ఇంకో రోజు రెండు మేకలు.

"మేకలెందుకురా?"

"సప్పుడుకు బావా. అసలే సప్పుడు లేకుంటే నాకు భయం."

ఇంటికొచ్చి నర్సింగం ఈ ముచ్చట్లన్నీ చెప్పేవాడు. "మరి ఆ దీవిల ఆడోళ్లు లేరా?" అని అనసూర్య దెప్పితే, "పోయిన వారమే మిమ్మల్నిద్దర్ని పిలిపిచ్చిండు. మీరు కొట్లాడుకుంటున్నరని మల్ల పంపిచ్చిండు" అనేవాడు.

ఆరేళ్ల కింద, వేళ కాని వేళ, సైరన్ మోగింది. దుంగ కింద కొట్టే చెక్క కోసం నర్సింగం మలుపు దాటి పోయాడు. వెనక నుంచి "ఉన్నవా బావా" వినబడింది. "ఉన్న" అన్నాడు. అప్పుడు రఘుపతి మీద కప్పు కూలింది. దుమ్ములో ఈసారి నర్సింగం పిలిచాడు. మనుషులు వచ్చి పక్కకు లాగేదాకా పిలుస్తూనే ఉన్నాడట.

ఐలవ్వ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆమె మామ కూడా బొగ్గులోనే పోయాడు, అప్పటి నుంచి వచ్చింది. లోపల పోయినవాడు తనంత తాను బయటికి రాలేడు. కర్మ రోజున ఇంటివాళ్లు గని మూతి దగ్గర నిలబడి మూడుసార్లు పిలవాలి. ఎవరూ పలకకూడదు. ఎవరూ పలకని ఆ ఖాళీలోంచి అతను నడిచి వచ్చి, పిలిచినవాళ్ల వెంట ఇంటికి పోతాడు.

గనిని కాచే మైసమ్మ తల్లి గద్దె పక్కన యమున నిలబడి భర్తను పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు ఆమె నోట అంతకు ముందు ఎవరూ వినలేదు. చుట్టూ షిఫ్టుకు పోవాల్సిన వాళ్లు, షిఫ్టు దిగినవాళ్లు, అందరూ పెదవులు బిగించి నిలబడ్డారు. రెండోసారి పిలిచింది. మూడోసారి పేరు పెగల్లేదు. గొంతులోంచి వచ్చింది ఒక్కటే.

"ఉన్నవా?"

"ఉన్న," అన్నాడు నర్సింగం.

అందరూ తిరిగి చూశారు. నర్సింగం చేత్తో నోరు మూసుకున్నాడు. ఎన్ని ఏళ్ల అలవాటు అది, ఆయన చెప్పాలనుకొని చెప్పింది కాదు. కానీ మాట బయటపడింది. ఐలవ్వ ఒక్కతే నోరు విప్పింది.

"నువ్వెందుకు పలికినవ్ అల్లుడా? ఇగ వాడు నీ ఎంబడే వస్తడు."

వచ్చాడు.

మొదట్లో అనసూర్యకు భయం. చాయ్ తాగుతూ తాగుతూ నర్సింగం ఉన్నట్టుండి "ఉన్న" అనేవాడు. స్నానాల గదిలోంచి, నీళ్ల చప్పుడు మధ్య, "ఉన్న." స్కూటర్ మీద వెనక కూర్చుంటే, "కొంచెం జరుగు" అనేవాడు. ఆమె ఇంకా జరగడానికి చోటు ఉండేది కాదు, అయినా జరిగేది. తర్వాత భయం పోయి అలవాటైంది. అలవాటు కూడా పోయాక, పేరు పెట్టలేనిది ఒకటి మిగిలింది. భర్త తన వైపు చూస్తుంటే కూడా ఆయన చెవి ఒకటి వేరే దిక్కుకు తిరిగి ఉన్నట్టు ఉండేది.

ఆ గని ఇప్పుడు లేదు. పాత గనిని మీది నుంచే తవ్వుకుంటూ వచ్చారు. కప్పు, దుంగలు, మలుపులు అన్నీ లేచిపోయి అక్కడొక పెద్ద లోయ, లోయ నిండా ఎండ. మధ్యాహ్నం బాంబులు పేలిస్తే క్వార్టర్లలో గిన్నెలు గలగలమంటాయి. మళ్లీ పిలుద్దామన్నా నిలబడడానికి గని మూతి మిగల్లేదు.

ధరణి వెళ్లిపోయిన మర్నాడు పొద్దున అనసూర్య యమున ఇంటికి పోయింది. గని దగ్గర ఆ మాట బయటపడ్డ నాటి నుంచి రెండిళ్లకు మాటల్లేవు. యమునకు భర్త ఉద్యోగం ఇచ్చారు. కంపెనీ నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడుతుంది. ఆ రోజు సెలవు.

ఐలవ్వ వాకిట్లో మంచం మీద కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. చూపు దాదాపు పోయింది. వేళ్లే వెతుక్కుంటాయి.

"ఎవలది?"

"నేనవ్వా, అనసూర్యను."

"ఒక్కదానివే వచ్చినవా?" అని ముసలమ్మ గుమ్మం దిక్కు చెవి పెట్టింది.

యమున చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఏంది వదినె, తొవ్వ తప్పినవా?"

"తప్పలే. నీతోనే పని."

"నాతోని నీకేం పని? నాకున్నదంత నీ ఇంట్లనే ఉన్నది గదా."

అనసూర్య ఆ దెబ్బ తినేసి, మంచం అంచున కూర్చొని చెప్పింది. దీవి సంగతి చెప్పింది. ముగ్గురం అన్న మాట చెప్పింది.

"నా మొగణ్ని దీవికి తీస్కపోతున్నరా?" యమున నవ్వింది. మంచి నవ్వు కాదు. "నన్ను బాసరకు గూడ తీస్కపోలే ఆయన. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నడు. ఇప్పుడు మీ ఎంబడి పడవల షికారా? మంచిగున్నది."

"నాకేమన్న సంబురమా వదినె? సవతి ఉంటే జుట్టు పట్టుకొని కొట్లాడొచ్చు. నీ మొగనితోని నేనేం కొట్లాడాలె? నా మొగడు నాతోని ఒక్క చాయ్ పూర్తిగ తాగి ఆరేండ్లాయె."

యమున గోడకు ఆనుకుంది. గొంతు మారింది.

"పొద్దుగాల బస్సు కోసం నిలబడ్డప్పుడు అన్న నడిచిపోతుంటే చూస్త. ఎడమ దిక్కు ఒక మనిషి పట్టేంత జాగా ఇడిసి నడుస్తడు, ఎరుకేనా నీకు? నేను అన్నను చూడ. ఆ జాగానే చూస్త. మొదట్ల మస్తు కోపమొచ్చేది. పిలిచింది నేను, పోయింది మీ ఇంటికి. ఇప్పుడు కోపం లేదు. చూడకపోతే ఆ దినం పొద్దు పోదు, గంతే."

ఐలవ్వ గింజను పారేస్తూ అడిగింది, "పడవ అంటున్నరు. నీళ్ల మీదనా?"

"సముద్రం అవ్వా."

ముసలమ్మ వేళ్లు ఆగాయి. "అయితే వాడు రాడు. మావోనికి నీళ్లంటే పానం పోతది. పుష్కరాలప్పుడు ఒడ్డు మీదనే నిలబెట్టి చెంబుతోని పోస్తే గూడ కొట్టుకొని కొట్టుకొని ఏడ్చిండు."

"పిలగాడు గదవ్వా."

"ఏం పిలగాడు? అప్పటికి మీసాలొచ్చినయి."

ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు ఆగాక వాకిట్లో ఇందాకటి బిగువు లేదు. నర్సింగం ఇన్నేళ్లుగా చెప్పిన ముచ్చట్లన్నీ అనసూర్య మనసులో తిరగేసింది. గుడిసె ఉంది, చెట్టు ఉంది, మేకలున్నాయి. రఘుపతి కట్టిన దీవి చుట్టూ ఏనాడూ సముద్రం లేదు.

రాడు. ఆ మాట ఆమెలో చల్లటి నీళ్లలా దిగింది. ఆమె అడిగింది అదే కదా. మరి సంతోషం ఎందుకు రావడం లేదో అర్థం కాలేదు.

"రాడు సరే," అంది యమున. "మరి యాడ ఉంటడు?"

పక్కింట్లో కుక్కర్ కూత వేసి ఆగింది.

"నాకు తెచ్చియ్యి వదినె. బాయి మూతి లేకుంటే లేకపాయె, నా గుమ్మమున్నది. మల్ల పిలుస్త. అన్న ఈసారి నోరు మూసుకుంటే చాలు."

సాయంత్రం నర్సింగం డ్యూటీ దిగి వచ్చాడు. ఇప్పుడు ఆయనకు ఇంకో గనిలో మీద పని, ల్యాంప్ రూంలో దీపాలు తుడిచి చార్జింగ్ పెట్టడం. అనసూర్య చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆరేళ్లలో ఆ పేరును ఆయన ముందు ఆమె నేరుగా తేవడం అదే మొదలు.

"రఘుపతన్నకు నీళ్లంటే భయమట గదా."

గ్లాసు కింద పెట్టాడు.

"ఎరుకే."

"ఎరుక ఉండే ముగ్గురమన్నవా?"

"పోవద్దని నీతోని చెప్ప బుద్ధి గాలే. ఇన్నేండ్లల్ల నువ్వు నన్ను ఒక్కటి అడిగినవ్. గందుకే పిల్ల ఏ రూం చూపిచ్చినా గిది గాదు, గిది గాదన్న."

"అంటే నీకు రాబుద్ధి లేదు."

"ఉన్నది అనసూర్యా. మస్తుగున్నది." చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, వాటినే చూస్తూ చెప్పాడు. "రైలు దాకా వస్తడు వాడు. మదరాసు దాకా వస్తడు. నీళ్లు చూసి ఆగుతడు. వానికి ఆ ఊరి మాట రాదు. ఎవలు లేని ఒడ్డు. నిలబడి 'ఉన్నవా బావా' అంటడు. నేను ఓడల ఉంట. నేను పలికినా వానికి ఇనబడది. ఒకపారి వాణ్ని ఇడిసిపెట్టే మలుపు దాటిన. రెండోపారి నాతోని గాదు."

అనసూర్య ఆ ఒడ్డును చూసింది. ఎన్నడూ చూడని మదరాసు ఒడ్డు, దాని మీద టోపీ, బూట్లతో ఒక మనిషి, దాటిపోయే జనం.

"యమున ఇంట్ల ఇడుద్దాం. తనే పిలుస్తనన్నది."

ఆయన తల ఎత్తాడు. "ఎన్ని దినాలకు? మనం వచ్చేదాకనా?"

ఔను అంటే అయిపోయేది. అంత ఆశగా అడిగాడు. ఔను అని, దీవికి పోయి వచ్చి, తర్వాత యమున ఇవ్వడం లేదని ఆమె మీదికి తోసేయవచ్చు. ఆ అబద్ధం అనసూర్య నాలుక మీద కొంతసేపు నిలబడింది.

"నాకెరుక లేదు," అంది చివరికి. "ఇస్తే యమున మల్ల ఇయ్యదు."

వారం రోజులు ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ధరణి రెండుసార్లు ఫోన్ చేసి, టికెట్లు అయిపోతున్నాయని అరిచింది. ఆ వారమంతా నర్సింగం "ఉన్న" అన్నప్పుడల్లా గొంతు తగ్గించి అన్నాడు, ఒకరి ముందు ఒకరిని ఓదార్చినట్టు. ఆదివారం పొద్దున తనే చెప్పులు తొడుక్కొని, "నడువు," అన్నాడు.

నడిచిపోయారు. స్కూటర్ తీయలేదు. ఎడమ పక్కన ఆ జాగా వదిలి నర్సింగం నడిచాడు, ఆయన కుడి పక్కన అనసూర్య. చూసేవాళ్లకు ఇద్దరు. థర్మల్ పవర్ పొగగొట్టాల నుంచి పొగ గాలి లేక నిలువుగా లేచి అక్కడే నిలబడింది. కాలనీ మలుపు దగ్గర నర్సింగం ఆగి, ఎవరో చెప్పు సర్దుకునేదాకా నిలబడినట్టు నిలబడి, మళ్లీ నడిచాడు. ఆమె ఏమిటని అడగలేదు.

యమున తలస్నానం చేసింది. జుట్టు ఇంకా తడిగా ఉంది. లోపల మాంసం కూర ఉడుకుతున్న వాసన.

"ఏందల్లుడా," అంది ఐలవ్వ మంచం మీది నుంచే, కాళ్లు చాపుకొని. "పోయొచ్చేదాక ఉంచుకొమ్మంటవేమో. మనిషిని చేబదులిస్తరా ఎక్కడన్న?"

"ఇస్తే ఇయ్యి అన్నా," అంది యమున. "మల్ల అడగకు."

నర్సింగం భార్య వైపు చూశాడు. అనసూర్య కళ్లు దించుకుంది. ఇక్కడ తను ఏ మాట చెప్పినా అది తన కోసమే అవుతుందని ఆమెకు తెలుసు. చాలాసేపటికి ఆయన గేటు బయటికి వెళ్లి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి ఉండలా చుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

యమున గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచింది. ఈసారి సిగ్గు లేకుండా, రోజూ పిలిచే పేరులాగే పిలిచింది.

నర్సింగం కదల్లేదు.

రెండోసారి పిలిచింది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారి తువ్వాలలోకి ఇంకాయి. అనసూర్య ఆయన గొంతునే చూస్తోంది. ఏదో కిందికీ మీదికీ కదులుతోంది అందులో.

మూడోసారి యమునకు ఏం పిలవాలో తెలుసు. ఆమె పేరు వదిలేసింది.

"ఉన్నవా?"

నర్సింగం మెడ నరాలు ఉబ్బాయి. మాట లోపలి నుంచి ఎక్కుతూ ఎక్కుతూ వచ్చి పళ్ల దాకా తగిలింది. అనసూర్యకు అది కనబడింది. ఒక చెయ్యి చాపితే ఆయన చేతిని పట్టుకోవచ్చు, కానీ పట్టుకోలేదు. మింగాడు. మళ్లీ మింగాడు. వీధిలో ఒక కాకి, దూరంగా బొగ్గు లారీ. ఎవరూ పలకలేదు.

అప్పుడు మంచం మీద ఐలవ్వ చాపుకున్న కాళ్లను దగ్గరికి ముడుచుకుంది, ఎవరైనా లోపలికి పోతుంటే దారి ఇచ్చినట్టు.

"ఇగ పోండ్రి," అంది. "ఎనుకకు జూడకుండ్రి."

సందులోకి వచ్చాక వెనక యమున గొంతు వినబడింది. ఏడుపు కాదు, తిట్టు. "ఇన్నేండ్లు యాడ తిరిగినవ్? కాళ్లు కడుక్కున్నవా అసలు? కూసో. ఉడికింది గని, ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పు." నర్సింగం ఆగిపోయాడు. జవాబు కోసం ఆగాడని అనసూర్యకు అర్థమైంది. తను కూడా ఆగింది. ఇద్దరూ వీధి మధ్యలో నిలబడి చెవులు పెట్టారు. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. వచ్చినా, ఇక అది వాళ్లకు వినబడేది కాదు.

నడిచారు. నర్సింగానికి నడవడం సరిగా రావడం లేదు. ఎడమకు తూలేవాడు, సర్దుకోబోయి అనసూర్య భుజానికి తగిలేవాడు. ఆయన ఇంత పొట్టివాడని ఆమె ఎన్నడూ గమనించలేదు. మార్కెట్ దాటాక నోట్లోంచి తీసిన తడి తువ్వాలతోనే ముఖం తుడుచుకున్నాడు.

"పిల్లకు ఫోన్ చెయ్యి," అన్నాడు. "ఏ రూమన్నా సరే."

"నువ్వు చూడవా?"

"నువ్వు చెప్పు. నీ దీవిల ఏమేమున్నయి?"

అనసూర్య నోరు తెరిచింది. ఏడాది పొడవునా ఆ దీవిని తలుచుకుంది. కుడుతూ తలుచుకుంది, అన్నం వార్చుతూ తలుచుకుంది. ఇప్పుడు చూస్తే అందులో చెట్టు లేదు, ఇల్లు లేదు, నీళ్ల రంగు కూడా లేదు. ఒక మనిషి లేకపోవడం తప్ప అక్కడ ఆమె ఇంకేమీ పెట్టుకోలేదు. ఆ మనిషి ఇప్పుడు యమున ఇంట్లో కూర రుచి చూస్తున్నాడు. దీవి ఉత్తిగా ఉంది.

"చెప్పు," అన్నాడు నర్సింగం. "నాకు కట్టుడు రాదు. వాడు కడుతుంటే ఇనుడే నాకొచ్చు."

ఆమె ఆలోచించింది. రోడ్డు పక్కన కల్లు ముంతలు కడిగే ఆమె వీళ్లను చూసి తల ఊపింది. రెండు బస్సులు పోయాయి.

"పొద్దుగాల చాయ్ నువ్వు పెట్టాలె," అంది.

"పెడత."

"సక్కెర తక్కువేసి."

"ఊఁ." నాలుగడుగులు వేసి, "ఇంకా?" అని అడిగాడు.

ఇంకా ఏం పెట్టాలో ఆమెకు తోచలేదు. ఎండ ఎక్కుతోంది, ఇల్లు ఇంకా దూరం. ఆలోచించుకుంటూ నడిచింది. ఆయన తొందర పెట్టలేదు. పక్కనే నడుస్తూ, ఆమె చెప్పబోయే దాని కోసం చెవి ఇటు పెట్టాడు.